ఏలూరులో ఎక్కి నరసాపురంలో దిగండి: మెట్ట నుంచి కోనసీమకు సైకిల్ దారి

మీరు అడిగింది ఇదీ: ఆలుమగలిద్దరూ యాభై దాటినవాళ్లు, హైదరాబాదులో ఆదివారాలు నలభై యాభై కిలోమీటర్లు తొక్కే అలవాటుంది, గేర్ల సైకిళ్లున్నాయి. గోదావరి జిల్లాల్లో ఆరు రోజులు తిరగాలి. తోటలు కావాలి, పాత గుళ్లూ గుహలూ చూడాలి, కాస్త కొండ కూడా తగలాలి, వీలైతే పాపికొండల వైపూ సైకిల్ మీద వెళ్లాలి. కోనసీమ ఒక్కటీ తిరిగితే చాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

చాలదండి. కోనసీమతో మొదలుపెట్టకండి కూడా. ఎక్కువమంది రావులపాలెంలో దిగి, కొబ్బరిచెట్ల మధ్య రెండు రోజులు తొక్కి, మూడో రోజుకి అంతా ఒకేలా ఉందని వెళ్లిపోతారు. నేల బల్లపరుపుగా ఉంటుంది, దారి పొడుగునా కాలువ ఉంటుంది, ఎటు చూసినా పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చిందో చూడకుండా డెల్టాలోకి దిగితే సగమే చూసినట్టు. అందుకే మెట్టలో మొదలుపెట్టి, నీళ్లు దిగిన దారినే మీరూ సముద్రం దాకా దిగండి. ఎర్రనేల, జీడిమామిడి, గుట్టలు ముందు. నల్లనేల, వరిచేలు, కాలువలు తర్వాత. లంకలు (నది మధ్య దిబ్బలు), ఇసుక, ఉప్పుగాలి చివర్న. చరిత్ర కూడా దాదాపు ఇదే వరసలో కిందికి దిగింది. కొండమీద బౌద్ధులు, మెట్ట అంచున వేంగి రాజులు, వాళ్లే తర్వాత గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో, ఆ తర్వాత గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలువలు.

ఇంకో లాభం గాలి. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. రామచంద్రపురం వైపు నుంచి అంతర్వేది వైపు పోయేటప్పుడు అది మీ వీపున ఉంటుంది. కాకపోతే సముద్రం దగ్గరయ్యేకొద్దీ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఎదురొస్తుంది. పొద్దున అయిదున్నరకి బయల్దేరి పదకొండుకల్లా ముగించుకోవడమే దానికి మందు.

ఎప్పుడు రావాలంటే, నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి సగం దాకా. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు కాబట్టి ముందు రెండు రోజులు వాతావరణం చూసుకుని టికెట్ తీసుకోండి. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వద్దు. లాడ్జీలు దొరకవు, రోడ్ల నిండా కార్లు. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలు చూద్దామనిపిస్తుంది గానీ వడగాడ్పులుంటాయి, పైగా దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలువ పక్కన ఎండలో తొక్కడంలో సుఖం లేదు. జనవరిలో వస్తే మామిడి పూత, జీడిమామిడి పూత కనిపిస్తాయి, పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) దగ్గర ఆకు మగ్గే వాసన తగులుతుంది. పులస మాత్రం అడగొద్దు. అది వరదనీటికి ఎదురీదుతూ వచ్చే చేప, శ్రావణ భాద్రపదాల్లో దొరికేది. చలికాలంలో పులస అని వడ్డిస్తే అది పులస కాదు.

ముందురోజు రాత్రికే ఏలూరు చేరుకోండి. మొదటి రోజే పొడుగు, గుంటుపల్లి మీదుగా ద్వారకాతిరుమల దాకా డెబ్బై పైచిలుకు కిలోమీటర్లు పడుతుంది. కాళ్లు కొత్తగా ఉన్నప్పుడే అది అయిపోవాలి. ఏలూరు నుంచి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లకు పెదవేగి. ఇప్పుడు మామూలు ఊరే గానీ ఒకప్పుడు వేంగి ఇదే. శాలంకాయనుల రాజధాని, ఏడో శతాబ్దం నుంచి తూర్పు చాళుక్యులది. తవ్వకాలు జరిగిన దిబ్బ ఉంది. చూడ్డానికి ఇటుకల పునాదులే, అరగంట చాలు. కానీ మూడో రోజు మీరు చూసే పాత గుళ్లు కట్టించినవాళ్లు ఇక్కణ్నుంచే ఏలారు కాబట్టి దాటేసి పోవద్దు. ఈ ఊళ్లోనే ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కూడా ఉంది. అక్కణ్నుంచి కామవరపుకోట వైపు తొక్కుతుంటే ఆయిల్‌పామ్ తోటల నీడ రోడ్డు మీదికి పడుతుంది, వాటి మధ్యలో కోకో, మధ్యమధ్య నిమ్మతోటలు. రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. పెద్ద ఘాట్లేమీ లేవు, ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం వేసుకుంటే కూర్చునే ఎక్కేయొచ్చు. ఆయిల్‌పామ్ గెలలు మోసే ట్రాక్టర్లు మలుపుల్లో రోడ్డంతా ఆక్రమిస్తాయి. అవి కనిపిస్తే పక్కకి ఆగిపోండి.

గుంటుపల్లి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. గుహలు జీలకర్రగూడెం దగ్గర కొండమీద ఉన్నాయి. సైకిళ్లు కింద టికెట్ ఇచ్చేచోట తాళం వేసి మెట్లెక్కాలి. క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటి బౌద్ధక్షేత్రం. కొండను తొలిచి గుండ్రంగా చేసిన చైత్యగృహం (స్తూపం ఉండే ప్రార్థనా మందిరం) ఒకటుంది. లోపలికెళ్లి తల పైకెత్తండి. కప్పు లోపలివైపు వాసాలూ దూలాలూ పేర్చినట్టు రాతిలో చెక్కారు. ఆ కాలంలో ఊళ్లో కర్రతో, గడ్డితో గుండ్రటి ఇళ్లు ఎలా కట్టేవారో ఆ శిల్పి దాన్నే రాయిలోకి దింపాడు. బీహారులోని బరాబర్ గుహల్లో లోమశ ఋషి, సుదామ గుహలతో పండితులు దీన్ని పోలుస్తారు. మధ్యలో ఉన్న స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. చెప్పులు బయట వదిలేసి వెళ్లండి. పైన విహారాల (భిక్షువులు ఉండే గదుల) వరస, ఇటుకల చైత్యం, గుట్ట నిండా చిన్నాపెద్దా మొక్కుబడి స్తూపాలు. మహామేఘవాహన వంశపు సిరిసద మహారాజు పేరున్న శాసనం దొరికింది కూడా ఇక్కడే. రెండు గంటలు కేటాయించండి. మంచినీళ్లు కింద నుంచే తెచ్చుకోండి, పైన నీడ తక్కువ.

ఆ రాత్రి ద్వారకాతిరుమల. దేవస్థానం సత్రాలున్నాయి, ప్రైవేటు లాడ్జీలున్నాయి. శనివారం, పెళ్లి ముహూర్తాల రోజులు తప్పించుకోండి, గది దొరకదు. కొండ చిన్నదే గానీ ఆఖరి ఎక్కుడు ఆ రోజు బడలికలో గట్టిగానే తెలుస్తుంది. దిగి నడిపించుకుంటూ వెళ్లినా తప్పు లేదు.

రెండో రోజు గోపాలపురం మీదుగా తాళ్లపూడి దగ్గర గోదావరి గట్టెక్కాలి. జీడిమామిడి తోటలు, పొగాకు చేలు, తాటిచెట్ల వరసలు దాటుకుంటూ వస్తారు. ఉన్నట్టుండి నేల కిందికి జారి ఎదురుగా నది పరుచుకుంటుంది. ఏటిగట్టు ఎక్కాక ఎక్కుడు దిగుళ్లకు సెలవు. ఇక్కడ మీరు చూసుకోవాల్సింది ఇసుక లారీలు. ర్యాంపుల (నదిలోంచి ఇసుక ఎత్తే చోట్ల) దగ్గర లారీల నుంచి జారిన ఇసుక రోడ్డుమీద పల్చగా పరుచుకుని ఉంటుంది, సన్న టైర్లయితే బ్రేకు వేయగానే పక్కకి ఈడ్చేస్తుంది. ర్యాంపు కనిపించగానే వేగం తగ్గించండి, బ్రేకు ముందే వేయండి. పాపికొండల వైపు సైకిల్ మీద వెళ్లాలన్న ఆలోచన మీ ప్రశ్నలో కనిపించింది. అది లాంచీలో చూడాల్సినది, ఈ యాత్రలో కలపొద్దు. పట్టిసీమ మాత్రం తాళ్లపూడి నుంచి ఎగువకు వెళ్లిరావచ్చు. నది మధ్య గుట్టమీద వీరభద్రుడి గుడి, పడవలో దాటాలి. ఓపిక ఉంటేనే.

కొవ్వూరు వచ్చాక రాజమండ్రికి రెండు దార్లు. అందరూ చెప్పేది రోడ్డు కమ్ రైలు వంతెన. 1974 నాటిది, కింద రైలు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పైనే. కింద నుంచి రైలు పోతుంటే వంతెన అదిరే అదురు చేతుల్లోకి తెలుస్తుంది, అది బాగానే ఉంటుంది. కానీ వంతెన ఇరుకు, వెనక కార్లు హారన్లు కొడుతూనే ఉంటాయి. నేనైతే కొవ్వూరు నుంచి దిగువకు విజ్జేశ్వరం వెళ్లి, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా దాటమంటాను. విజ్జేశ్వరం, మద్దూరు, ర్యాలి, ధవళేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. బ్యారేజీ మీద ఆగి ఎడమకీ కుడికీ చూస్తే డెల్టా అంటే ఏమిటో అక్కడికక్కడే అర్థమవుతుంది. ఎగువన సముద్రంలా నిండిన నీరు, దిగువన ఇసుక దిబ్బలు, పక్కనుంచి కాలువల్లోకి పోయే నీళ్లు.

ఈ బ్యారేజీ కన్నా ముందున్న పాత ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు ఈ గడ్డ 1833 కరువునీ, కోరంగి రేవును తుడిచిపెట్టిన 1839 తుఫానునీ చూసింది. గోదారి పక్కన పారుతూ ఉండగానే జనం ఆకలితో చచ్చిపోయిన దేశం ఇది. అందుకే ఇక్కడ ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంటుంది, స్నాన సంకల్పంలో ఆయన పేరు తలుచుకున్నవాళ్లూ ఉన్నారు. ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది, ఆనకట్ట ఎలా కట్టారో నమూనాలతో చూపిస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన వీణం వీరన్నగారి పేరు కూడా అడిగి తెలుసుకోండి. మ్యూజియం దగ్గరే వరద హెచ్చరికల లెక్క కూడా గుర్తుపెట్టుకోండి: బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రేపట్నుంచి మీరు తొక్కే ఏటిగట్లు ఈ అంకెల కోసం కట్టుకున్నవే. 1986 ఆగస్టు వరద గురించి లంక ఊళ్లలో పెద్దవాళ్లనెవర్ని కదిపినా చెప్తారు.

మూడో రోజు రాజమండ్రి నుంచి కడియం. నర్సరీల ఊళ్లు, కడియపులంక దాకా రోడ్డుకి రెండువైపులా మొక్కలే. మొక్కలు కొనాలనిపిస్తుంది, సైకిల్ మీద మోయలేరు, పార్సిల్ పంపిస్తారేమో అడగండి. అక్కణ్నుంచి ద్వారపూడి, అనపర్తి మీదుగా కెనాల్ రోడ్డు. పేరు వినడానికి హాయిగా ఉంటుంది గానీ ఇది ఇరుకు రోడ్డు, కాకినాడ పోయే బస్సులూ లారీలూ దీనిమీదే. తెల్లవారగానే దాటేయండి. వీలున్నచోటల్లా అవతలి గట్టు మీది ఊరి రోడ్డు పట్టుకోండి.

బిక్కవోలు దగ్గర తొందరపడకండి. చాళుక్యుల గుళ్లంటే అందరూ ద్రాక్షారామం, సామర్లకోట అంటారు గానీ, గుణగ విజయాదిత్యుడి కాలం నాటి, అంటే తొమ్మిదో శతాబ్దపు గుళ్లు ఇక్కడ ఊళ్లోనూ ఉన్నాయి, ఊరిబయట వరిచేల మధ్యా ఉన్నాయి. గోలింగేశ్వరుడి గుడి ఊళ్లో. పొలాల్లో ఉన్నవి చూడాలంటే చేలగట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాలి. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక వస్తే చేలు ఆరి ఉంటాయి, దారి సులువు. జనం ఉండరు, గోడలమీది బొమ్మల్ని తీరిగ్గా చూసుకోవచ్చు. గణపతి గుడిలో మాత్రం జనం ఉంటారు. పెద్ద ఏకశిలా విగ్రహం, ఆయన చెవిలో కోరిక చెప్పుకుంటారు. ఇంకో రోజు చేతిలో ఉన్నవాళ్లు ఇక్కణ్నుంచి సామర్లకోట కుమారారామం, పెద్దాపురం పాండవుల మెట్ట చూసి రావచ్చు. మీ ఆరు రోజుల్లో అది పట్టదు.

రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటి. చాళుక్య భీముడు కట్టించిన రెండంతస్తుల గర్భాలయం, లింగం ఎత్తు, అభిషేకం పై అంతస్తులో చేస్తారు. దర్శనమయ్యాక బయటికి పరుగెత్తకుండా ప్రాకార మండపాల్లో స్తంభాల దగ్గర నిలబడండి. రాయి నిండా శాసనాలే. రాజరాజ నరేంద్రుడి కొడుకు చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు కదా, ఆ రెండు వంశాల బంధుత్వం ఈ గోడలమీద చదువుకోవచ్చు. గుడికి దీపాలకని ఎవరెవరు ఎన్ని గొర్రెలిచ్చారో కూడా రాసుకున్నారు. రాత్రికి రామచంద్రపురంలో ఉండటం మేలు, గదులు అక్కడ ఎక్కువ.

నాలుగో రోజు కావాలనే చిన్నది పెట్టాను. ద్రాక్షారామం నుంచి కోటిపల్లి పదీ పన్నెండు కిలోమీటర్లు. సోమేశ్వరుడి గుడి చూసుకుని రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పడవ) ఎక్కండి. సైకిళ్లు ఎక్కించుకుంటారు. గోదావరి పాయ గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్నుంచి కోనసీమ. వంతెన మీద దాటితే నది కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పంటు మీద దాటితే గోదారి ఎంత వెడల్పో ఒంటికి తెలుస్తుంది. నీరు మరీ తక్కువైనా, వరద వచ్చినా పంటు ఆపేస్తారు. ముందురోజే రామచంద్రపురంలో ఎవర్నైనా అడగండి. లేదంటే యానాం వెళ్లి ఎదుర్లంక వంతెన మీదుగా రావాలి. అదీ వృథా కాదు, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు.

ముక్తేశ్వరం నుంచి అయినవిల్లి వినాయకుణ్ని చూసుకుని అమలాపురం చేరేదాకా మెయిన్ రోడ్డు మర్చిపోండి. బోదె (చిన్న పిల్లకాలువ) పక్కన సిమెంటు రోడ్లుంటాయి, ఏది పట్టుకున్నా ఏదో ఒక ఊళ్లోకి తీసుకెళ్తుంది. కొబ్బరి, దానికింద అరటి, దానికింద కోకో లేదా కంద, కొబ్బరి మానుకి మిరియం తీగ. ఒకే నేలలో మూడు నాలుగు అంతస్తుల పంట. దింపు (కాయలు కోసి దించడం) జరుగుతున్న తోట కనిపిస్తే మకాం (తోటలోని పాక) దగ్గర ఆగి అడగండి, కాదనేవాళ్లు తక్కువ. బొండం కొట్టిస్తారు, డబ్బులు తీసుకోనంటే బలవంతం చేయొద్దు, కాసేపు మాట్లాడండి చాలు. ఒక్కటే జాగ్రత్త: నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద మాత్రం కూర్చోకండి, సైకిల్ కూడా ఆనించకండి. ఎండుకాయ, ఎండుమట్ట చెప్పి పడవు. అరటిగెలలు సైకిలుకి రెండుపక్కలా వేలాడగట్టుకుని మార్కెట్టుకి పోయేవాళ్లు ఎదురొస్తారు. ఆ బరువుతో వాళ్లు పక్కకి తప్పుకోలేరు, దారి మీరే ఇవ్వాలి.

అయిదో రోజు పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకుల్ని బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు, ఆకు వాసన పట్టి ఉంటుంది. కొబ్బరి మార్కెట్టు చూసుకుని పి.గన్నవరం రండి. ఇక్కడ వైనతేయ నది మీదుగా కాలువ దాటుతుంది. పాత అక్విడక్టు కాటన్ కాలం నాటిది, నలభై తొమ్మిది తూముల కట్టడం. దాని పక్కనే 2000 సంవత్సరంలో కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చిన బాటసారికి వేళ కాని వేళ అన్నం వండి పెట్టిన ఆ తల్లి ఈ చుట్టుపక్కలావిడే, 1909లో పోయింది. దూరాలు తొక్కి ఆకలితో వచ్చేవాళ్లం మనం, అక్కడ సైకిల్ దిగి ఒక నిమిషం నిలబడాలని నాకనిపిస్తుంది. నది కింద, కాలువ పైన, ఆ పక్కన మీరు.

అవతలి ఒడ్డున ఏటిగట్టు పట్టుకుని దిగువకు వస్తే ఆదుర్రు. బౌద్ధస్తూపం పునాది, చక్రంలో చువ్వల్లా ఇటుక గోడలు. మొదటి రోజు కొండమీద చూసినవాళ్లే ఇక్కడ సముద్రానికి ఇంత దగ్గరగా నది ఒడ్డున స్థిరపడ్డారు. రేవులనుంచి వర్తకం సాగినచోటల్లా వాళ్ల ఆరామాలున్నాయి. బోర్డు చిన్నది, దాటిపోతారు, ఊళ్లో అడగండి. రాత్రికి రాజోలు గానీ దిండి గానీ. ఆరో రోజు పొద్దున అంతర్వేది, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు, నరసింహస్వామి గుడి. రొయ్యల చెరువుల మధ్య రోడ్డు, ఎదురుగాలి, అందుకే పెందలాడే వెళ్లాలి. భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో అయితే సైకిల్ నడపడానికి చోటుండదు.

సామాను సంగతి. టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి వేయండి. గట్లమీద సర్కారుతుమ్మ ముళ్లుంటాయి, ఒక్కొక్కరికి రెండు ట్యూబులు, సొల్యూషను, అతుకులు ఉండాలి. ఊరూరా సైకిల్ షాపు ఉంది, పంక్చరు అద్భుతంగా వేస్తారు, కానీ ప్రెస్టా వాల్వు ట్యూబు దొరకదు, మీ పంపు మీ దగ్గరుండాలి. ఇసుకలో, ఉప్పుగాలిలో తిరిగాక చైను తుడిచి నూనె వేయండి. కోతల కాలంలో రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. దానిమీద సైకిల్ ఎక్కించకండి, అది వాళ్ల ఏడాది కష్టం. గింజలమీద చక్రం జారుతుంది కూడా. కుక్కలు వెంటపడితే తొక్కి పారిపోవద్దు. దిగి సైకిల్ని అడ్డం పెట్టుకుని నడవండి, నాలుగడుగుల్లో వదిలేస్తాయి. జనవరి పొద్దుటి మంచులో ముందూ వెనకా లైటు లేకుండా హైవే దాటొద్దు.

అంతర్వేది నుంచి సఖినేటిపల్లి వచ్చి పంటు ఎక్కితే అవతల నరసాపురం. హైదరాబాదుకి రాత్రి రైళ్లు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి సైకిళ్లు బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కించడం తేలిక. రైలుకి మూడు గంటల ముందే పార్సిల్ ఆఫీసుకి వెళ్లండి. గుర్తింపు కార్డు నకలు, టికెట్టు చేతిలో ఉండాలి. పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి, గోనెసంచి చుట్టి, పేరూ ఫోన్ నంబరూ పెద్దక్షరాలతో రెండుచోట్ల రాయండి. వచ్చేటప్పుడు ఏలూరులో రైలు ఆగేది కాసేపే, దింపడానికి కంగారు పడాలి. అందుకని వీలైతే సైకిళ్లు ఒకరోజు ముందే పంపించి ఏలూరులో తీసుకోండి.